టీకాల ఫ్రిజ్‌లో చేపలు

టీకాల ఫ్రిజ్ అడుగున అంటుకున్న చేప పొలుసులు గోకడం నా పని అని ఎక్కడా రాసి లేదు. ఆ శనివారం పొద్దున అదే చేస్తున్నాను. గురువారం రాజధాని హోనియారా నుంచి ఆరోగ్యశాఖ పెద్దవాళ్ళు వస్తున్నారు. మా ఫౌబాలా క్లినిక్‌కి ప్రశంసాపత్రం ఇస్తారు. మా పరిధిలో నూటికి తొంభై ఏడుగురు పిల్లలకి మూడు విడతల టీకా పడిందని లెక్క తేలింది. మా మలైటా దీవిలో ఈ వైపు తీరంలో ఇంకే క్లినిక్‌కీ ఆ అంకె రాలేదు. అందుకని స్టాన్లీ, "ఫ్రిజ్ కాస్త తుడువు, నీచు వాసన కొడుతోంది," అన్నాడు. చేపలు ఎవరివో అనలేదు.

స్టాన్లీ నా మొగుడు. క్లినిక్‌కి పెద్ద నర్సు కూడా అతనే. నేను అతని కింద సహాయకురాలిని. పొద్దున ఇంట్లో చిలగడదుంపలు ఉడకబెట్టి, అతని చొక్కా ఉతికి ఆరేసి, పెద్దది మోలీనీ, చిన్నదాన్నీ బడికి పంపి, క్లినిక్ తాళం తీస్తాను. అతను వచ్చేసరికి నేల తుడిచి ఉంటుంది, బిడ్డల తల్లులు వరసలో కూర్చుని ఉంటారు. సూదులు నేను వేస్తాను. సంతకాలు అతను పెడతాడు. "చేతులు నీవి, చదువు నాది," అంటాడు నవ్వుతూ. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని.

చేపలు నా మరిదివి. ఊళ్ళో చల్లటి చోటు అదొక్కటే, సోలార్ పలకల మీద నడిచే ఆ ఫ్రిజ్. ఫిబ్రవరిలో మొదట రెండు చేపలు వచ్చాయి. "ఐసు ప్యాక్‌ల అర ఖాళీగానే ఉందిగా," అన్నాడు స్టాన్లీ. తర్వాత బస్తాలు వచ్చాయి. చేపలు గట్టిపడటం లేదని మరిది ఒకరోజు లోపలి చలి మీటని మూడు మీంచి ఏడుకి తిప్పాడు. నేను మళ్ళీ మూడుకి తిప్పాను. మర్నాడు చూస్తే ఏడు. మళ్ళీ తిప్పాను. "ఎందుకు దాన్ని ఊరికే కెలుకుతావు? ఎంత చల్లగా ఉంటే మందుకి అంత మంచిది కదా," అన్నాడు స్టాన్లీ, మూడేళ్ళు నర్సింగ్ చదివినవాడు. అత్తగారు అక్కడే ఉంది. "పది పేటల గవ్వల దండ పోసి తెచ్చుకున్నాం నిన్ను. నా కొడుకుల పని నా కొడుకుల్ని చేసుకోనీ," అంది. మా దగ్గర పెళ్ళికి మగపిల్లాడి వాళ్ళే ఇస్తారు. ఇచ్చిన రోజు నుంచి ఆ మాట వింటూ ఉండాలి. ఆ తర్వాత నేను మీట తిప్పడం మానేశాను. ఎవరో ఆపితే ఆగలేదు. నేనే మానేశాను.

ఆ శనివారం తలుపు మీది కాగితం చూశాను. ఫ్రిజ్ లోపల వేడి ఎంతుందో రోజూ రెండుసార్లు దాని మీద రాయాలి. తేదీ పద్దెనిమిది. కాగితం ముప్పయ్యో తేదీ సాయంత్రం దాకా నిండి ఉంది. నాలుగు, నాలుగు, ఐదు, నాలుగు. స్టాన్లీ చేతిరాత. ఇంకా రాని పన్నెండు రోజులు కూడా సరిగ్గా నాలుగు డిగ్రీల మీదే ఉన్నాయి.

వెనక గోడకి ఐసు పేరుకుని ఉంది. ఐదు జబ్బుల టీకా డబ్బా దానికి అతుక్కుపోయింది. లాగితే అట్ట చిరిగి ఐసుతోపాటు వచ్చింది. నెలల పిల్లలకి మూడు విడతలుగా వేసే టీకా అదే. కోరింత దగ్గూ, ధనుర్వాతమూ, కంఠసర్పీ రాకుండా ఆపేది. ఆ మందు వేడికి మెల్లగా పాడవుతుంది. గడ్డకడితే ఆ పూటే చచ్చిపోతుంది. ప్రతి సీసా మీదా వలయంలో చిన్న చదరం ఉంటుంది. వేడి తగిలితే చదరం నల్లబడుతుంది. చలికి మాత్రం ఏమీ అవదు. మందు చచ్చినా చదరం తెల్లగానే ఉంటుంది.

అనుమానం తీర్చుకునే పద్ధతి శిక్షణలో నేర్పారు. అదే రకం సీసా ఒకటి కావాలని పూర్తిగా గడ్డకట్టించాలి. కరిగాక దాన్నీ, అనుమానం ఉన్న సీసానీ కలిపి కుదిపి, పక్కపక్కన నిలబెట్టి అరగంట చూడాలి. రెండూ ఒకేలా పేరుకుంటే రెండూ గడ్డకట్టినవే. నేను ఒక సీసా మీద గీత పెట్టి చేపల మధ్యకి తోశాను.

సోమవారం పొద్దున దాన్ని తీసి అరచేతిలో పట్టుకుని కరిగించాను. రెండు సీసాల్నీ కుదిపి కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. గడియారం చూసుకున్నాను. ఎనిమిదీ పది. అప్పుడే ఫెయియా వచ్చింది.

ఫెయియాది కొండ మీది ఆయ్‌లా ఊరు. అక్కడ చర్చి లేదు. పాత దేవుళ్ళూ, పాత పద్ధతులూ. నడక రెండు గంటలు. మొగుడు వెనకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో కూతురు కూరీ, ఆరో నెల. ఆ పిల్ల దగ్గు మొదలైతే ఆగలేదు. దగ్గి దగ్గి, ముఖం నీలంగా తిరిగి, ఊపిరి లోపలికి లాగినప్పుడు ఈల వేసినట్టు చప్పుడు వచ్చింది. తర్వాత పాలన్నీ కక్కేసింది. ఆ చప్పుడు ఒకసారి విన్నవాళ్ళు మర్చిపోరు. మా చిన్నతనంలో తీరమంతా వినిపించేది. మా అమ్మ తొమ్మిది మందిని కని, ముగ్గుర్ని ఒకే నెలలో తట్టుకి పోగొట్టుకుంది. మా తరంలో నేను ఒక్క బిడ్డనీ పూడ్చలేదు. అందుకే ఈ పనిలో చేరాను. సూది మీద నమ్మకం నాకు పుస్తకంలోంచి రాలేదు.

ఫెయియా బిడ్డ పుస్తకం తెరిచి చూపించింది. మూడు గడులూ నిండి ఉన్నాయి. మూడు చోట్లా నా చేతిరాతే. "ఒక్క తేదీ కూడా తప్పలేదు సిస్టర్. నువ్వు చెప్పినట్టే వచ్చాను," అంది.

నేను సీసాల వైపు చూశాను. ఎనిమిదీ పదిహేడు. గీత ఉన్న సీసా అడుగున తెల్లటి రేణువులు దిగుతున్నాయి. గీత లేని దాంట్లోనూ దిగుతున్నాయి.

స్టాన్లీ లోపలికి వచ్చాడు. బిడ్డ దగ్గు విన్నాడు. పుస్తకం తీసుకుని చూశాడు. సీసాల్నీ చూశాడు. అవి ఎందుకక్కడ ఉన్నాయో అతనికి అర్థమైంది. ముఖంలో తెలిసింది. ఫెయియా వైపు తిరిగాడు.

"మూడు సూదులూ పడ్డాయిగా. మరి దగ్గెందుకొచ్చింది? నువ్వేదో చేసుంటావ్."

"నేనేం చేస్తాను డాక్టరు?" కొండవాళ్ళు అతన్ని అలాగే పిలుస్తారు.

"మూడో సూదికి వచ్చినప్పుడు ముట్టు గుడిసెలోంచి రెండు రోజులు ముందే బయటికొచ్చేశావంట కదా? కింద బజార్లో అనుకున్నారు. చూడూ, నేను చర్చి మనిషిని, ఇవన్నీ నమ్మను. కానీ మీ కొండవాళ్ళకి మీ కట్టుబాట్లు ఉంటాయిగా. ఊరికే పెట్టారా మీ పెద్దలు?"

ఆ మాట అతను ఫెయియాతో అన్నా, చూపు మాత్రం గుమ్మంలో ఉన్న ఆమె మొగుడి మీద ఉంది. మొగుడు తల దించుకుని వింటున్నాడు. ఫెయియా నన్ను చూసింది. తేదీ తప్పొద్దు, ఒక్క రోజు కూడా తప్పొద్దు అని ఆమెకి చెప్పింది నేను. గుడిసెలో ఉన్నా సరే వచ్చెయ్ అని చెప్పింది నేను. ఎనిమిదీ ఇరవై ఐదు. రెండు సీసాల్లోనూ పైన నీళ్ళు తేరాయి, అడుగున ఒకే ఎత్తున తెల్లటి మడ్డి. నేను నోరు తెరవలేదు.

"ఈ బిడ్డని ఆస్పత్రికి పంపాలి," అని మాత్రం అన్నాను.

"పడవ గురువారం దాకా కదలదు. పెట్రోలు వచ్చేవాళ్ళని తెచ్చి దింపడానికి ఉంచాను. దగ్గు మందు రాసిచ్చెయ్."

దగ్గు మందు సీసా కింద, అతను చూడకుండా, కోరింత దగ్గుకి వాడే అసలు మందు సీసా ఒకటి ఫెయియా సంచిలో పడేశాను. రోజుకి ఎన్నిసార్లో ఆమె చెవిలో చెప్పాను. ఆ రోజుకి నా ధైర్యమంతా అంతే.

వాళ్ళు వెళ్ళాక స్టాన్లీ రెండు సీసాల్నీ తీసుకుని కిటికీలోంచి విసిరేశాడు. "సీసా మీది చదరం తెల్లగానే ఉందిగా. ఎవడొచ్చి కుదిపి చూస్తాడు?" అన్నాడు. ఫిబ్రవరి నుంచి ఆ ఫ్రిజ్‌లోంచి తీసి నేను సూది వేసిన పిల్లలు అరవై నలుగురు అని చెప్పాను. అందరికీ మళ్ళీ వేయాలన్నాను. అతను అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. కుర్చీ దగ్గరికి లాక్కుని, పిల్లకి పాఠం చెప్పినట్టు చెప్పాడు. "ఇదిగో మోలీ వాళ్ళమ్మా, విను. నువ్వెళ్ళి 'ఇన్నాళ్ళూ వేసిన సూది ఉత్తిదే' అన్నావనుకో. రేపట్నుంచి కొండ మీంచి ఒక్కతైనా బిడ్డనెత్తుకుని దిగుతుందా? మంచి మందు తెచ్చినా పొడిపించుకుంటుందా? నీ నిజంతో ఎంతమంది పిల్లలు పోతారో లెక్కేసుకో. నేను వాళ్ళ మంచికే చెప్తున్నా."

ఆ మాటలో కొంత నిజం ఉంది.  పదకొండేళ్ళ కాపురంలో అతను చెప్పిన అబద్ధాలన్నీ ఇలా నిజంలో చుట్టి ఇచ్చినవే. మగపిల్లాడి కోసం ఇంకోసారి చూద్దాం అన్నప్పుడూ, ఇంకో కాన్పు నా ఒంటికే మంచిదన్నాడు. నర్సు కోర్సుకి నాకు సీటు వచ్చినప్పుడు పిల్లలకి తల్లి దగ్గరుండాలి అన్నాడు. నేను లెక్కేసుకుంటూ కూర్చునేదాన్ని. లెక్క ఎప్పుడూ అతని వైపే తేలేది. ఈసారి కూడా సోమవారం సాయంత్రమంతా లెక్కేశాను. అరవై నలుగురు, రాబోయేవాళ్ళు, తొంభై ఏడు శాతం. ఆ లెక్కలో ఫెయియాని ఎక్కడ వేయాలో తెలియలేదు.

మంగళవారం, విందుకని నూట ఇరవై మందికి సరిపడా, చేమదుంపల్లాంటి టారో దుంపలు చెక్కు తీశాను. మండిపోయే దురద చేతుల్నిండా. అత్తగారు వడ్డించే ఆకులు తుడుస్తూ, "మా స్టాన్లీకి పేరొస్తోంది. అదృష్టవంతురాలివి," అంది. "ముఖం అలా పెట్టుకోకు, ఫొటోలు తీస్తారు." మరిది వచ్చి ఫ్రిజ్‌లోంచి తీసిన చేపల్ని విందుకి లెక్కపెట్టి ఇచ్చి, "వదినా, తలలు పారేయకు, నాకు పులుసు పెట్టు," అన్నాడు. పెట్టాను. వచ్చేవాళ్ళ మెళ్ళో వేయడానికి పదకొండు పూలదండలు కట్టాను.

బుధవారం బజార్లో కొండ ఆడమనిషి ఒకామె చిలగడదుంపలు పోసుకుని కూర్చుంది. ఆయ్‌లాలో వాళ్ళు ఎలా ఉన్నారని అడిగాను.

"ఎలా ఉంటారు? ఫెయియాని దిగువ గుడిసె దగ్గర కూర్చోబెట్టారు. మామగారు లామో అడుగుతున్నాడు, ఏ దారిన వచ్చావో, ఏం తొక్కావో అందరి ముందూ ఒప్పుకో అని. ఒప్పుకుని పంది బలిచ్చేదాకా బిడ్డ ఇల్లు కదలకూడదంట."

"పడవ దొరికితే ఆస్పత్రికైనా పంపరా?"

"ఎక్కడికీ పంపరు. చచ్చిపోయిన పెద్దల కోపం తీరకుండా తీసుకెళ్తే దారిలోనే పోతుందంట బిడ్డ."

"ఆమె ఏమంటోంది?"

"ఏమీ అనట్లేదు. సూది కోసమే గుడిసెలోంచి వచ్చానంటే మమ్మల్ని కూడా ఇక దిగనివ్వరు కదా. అందుకే నోరు కుట్టేసుకుంది." దుంపలు సర్దుతూ నా వైపు చూసింది. "బజారు మాట లామో మొదట నమ్మలేదు. కింద క్లినిక్ డాక్టరే అన్నాడని కొడుకొచ్చి చెప్పాడు. చదువుకున్నోడే అన్నాక ఇంకేముంది?"

నేను దుంపలు కొనుక్కుని ఇంటికి వచ్చాను. స్టాన్లీ అద్దం ముందు నిలబడి కృతజ్ఞతలు చెప్పడం సాధన చేస్తున్నాడు. కాలర్ బాగుందా అని అడిగాడు. బాగుందన్నాను.

గురువారం తొమ్మిదింటికి అతిథులతో పడవ వచ్చింది. అంతకుముందే ఆ టీకా డబ్బా మీద నల్లరంగుతో పెద్దక్షరాల్లో 'గడ్డకట్టాయి, వాడొద్దు' అని రాసి ఫ్రిజ్ మీద పెట్టాను. స్టాన్లీ చూశాడు. రాసిన వైపు గోడకి తిప్పి పెట్టి, అతిథుల్ని లోపలికి పిలిచాడు.

హోనియారా నుంచి వచ్చిన ఆవిడ మాట్లాడింది. కళ్ళజోడు తుడుచుకుని, కాగితం చూడకుండా మాట్లాడింది. మంచి మనిషి. యాభై ఏళ్ళలో టీకాలు ప్రపంచంలో ఎన్ని కోట్ల ప్రాణాలు నిలబెట్టాయో చెప్పింది. ఇప్పటికీ ఏటా కోటిమందికి పైగా పసిపిల్లలకి ఒక్క సూది కూడా అందడం లేదని చెప్పింది. "వాళ్ళలో మీ పిల్లలు లేరు," అంది. చప్పట్లు కొట్టారు. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమే. సూది అందని పిల్లలకి ఆవిడ పట్టికలో ఒక గడి ఉంది. సూది అందిన పిల్లలకి ఇంకో గడి. సూది పడి మందు అందని అరవై నలుగురికి ఏ గడీ లేదు. అందుకే మాకు తొంభై ఏడు వచ్చింది.

తర్వాత ఫొటో. బిడ్డకి నేను సూది వేస్తూ ఉండాలి, పక్కన స్టాన్లీ నిలబడాలి. ఆ టీకా వేయనన్నాను, మెల్లగా, అతనికి మాత్రమే వినిపించేలా. అతను నవ్వు ముఖం తిప్పకుండానే, "సరే, పోలియో చుక్కలు పట్టుకో. ఫొటోలో తేడా తెలీదులే," అన్నాడు. పోలియో చుక్కల మందు గడ్డకట్టినా పాడవదు. అది అతనికి గుర్తుంది. అంటే మిగతాది కూడా మొదట్నుంచీ గుర్తుంది. చేపలు పెట్టిన రోజు కూడా గుర్తుండే ఉంటుంది.  చుక్కల సీసా అతని చేతిలో పెట్టాను.

"నువ్వే వెయ్యి," అన్నాను. "చదువు నీది."

బయటికి వచ్చి పడవ నడిపే అతని దగ్గరికి వెళ్ళాను. ఆస్పత్రికి ఒక బిడ్డని తీసుకెళ్ళాలి, ఉంటావా అని అడిగాను.

"భోజనాలయ్యాక మూడింటికి బయల్దేరతాం సిస్టర్. ఆలోపు వస్తే ఎక్కించుకుంటా. దాటితే నా చేతుల్లో లేదు."

అప్పుడు పది దాటింది. వంటచావిడి ముందు నుంచి పోతుంటే అత్తగారు కేక వేసింది. "ఏయ్ నెస్టా, ఎక్కడికి? దుంపలు ఎవరు వడ్డిస్తారు?"

"నీ కొడుకులున్నారుగా," అన్నాను. ఆగలేదు.

ఆయ్‌లా చేరేసరికి పన్నెండు దాటింది. పైన మగవాళ్ళ ఇల్లు, మధ్యలో కాపురాల ఇళ్ళు, దిగువన ముట్టు గుడిసె. దాని బయట మట్టి మీద ఫెయియా కూర్చుని ఉంది. ఒళ్ళో కూరీ. నా మందు సీసా సగమే ఉంది. చెప్పినట్టే పట్టిందన్నమాట. బిడ్డ చేతులు సన్నబడ్డాయి. దగ్గు వచ్చినప్పుడు ఏడవడానికి శక్తి లేక ఊరికే నోరు తెరుస్తోంది.

నేను ఆమె ఎదురుగా మట్టిలో కూర్చున్నాను. "నీ బిడ్డకి వేసిన మూడు సూదులూ చెడిపోయినవి. ఫ్రిజ్‌లో గడ్డకట్టి మందు చచ్చిపోయింది. నీ తప్పు లేదు. వేసింది నేను," అన్నాను.

ఆమె బిడ్డ మూతి తుడిచింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"మేం వచ్చిన సోమవారమా?"

"మీరు అక్కడున్నప్పుడే."

"ఇవాళ గురువారం," అంది. అరవలేదు. నా ముఖంలోకి చూసింది. స్టాన్లీని చూసినప్పుడు నాకు కలిగిన అసహ్యమే ఆమె కళ్ళలో కనిపించింది. తర్వాత మెడ ఎత్తి పైకి కేక వేసింది. "మామా! లామో మామా! అందరూ రండి. క్లినిక్ సిస్టర్ వచ్చింది. ఏదో చెప్తుందంట."

లామో కర్ర పట్టుకుని దిగి, మధ్య వాకిట్లో ఆగాడు. అంతకన్నా కిందికి మగవాళ్ళు రారు. వెనక ఫెయియా మొగుడు, పక్క ఇళ్ళ ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలు. వాళ్ళలో నలుగురికి నేను సూదులు వేశాను. గొంతెత్తి చెప్పాను. చేపలు చెప్పాను, మీట చెప్పాను, ఐసు చెప్పాను. మొదట్లో తిప్పి తర్వాత మానేశానని చెప్పాను. ఈమె గుడిసెలోంచి వచ్చిందని కాదు, మా మందు చచ్చిపోయినందుకు ఈ జబ్బు వచ్చిందని చెప్పాను.

"అయితే మా పిల్లలకేసింది?" అని ఒకామె అడిగింది.

"అదీ అంతే. కొత్త మందు తెప్పించి మళ్ళీ వేయాలి. ఈసారి నేనే మోసుకొస్తాను. సీసాలు మీ ముందే కుదిపి చూపిస్తాను."

"మళ్ళీ నీ చేత్తోనా?" అంది ఆమె.

 లామో కర్రతో నేల మీద గీత గీశాడు. "మీ డాక్టరు ఇంకోలా అన్నాడే," అన్నాడు.

"తెలిసే అన్నాడు."

లామో కొడుకు వైపు చూశాడు. కొడుకు తల ఎత్తలేదు. "పడవ ఉందా?" అన్నాడు లామో చివరికి.

"మూడింటి దాకా ఉంటుంది."

"అయితే తీసుకెళ్ళండి బిడ్డని. పంది సంగతి తర్వాత."

ఫెయియా లేచింది. గుడ్డతో కూరీని గుండెకి కట్టుకుంది. సంచి భుజాన వేసుకుంది. మొగుడు సంచి అందుకోబోతే ఇవ్వలేదు. నేను దారి వైపు రెండడుగులు వేసి వెనక్కి చూశాను. ఆమె కదల్లేదు. వాకిట్లో ఇంకా అందరూ నిలబడే ఉన్నారు.

"పొద్దుపోతోంది ఫెయియా, రా," అన్నాను.

"సోమవారం సంగతి చెప్పలేదు నువ్వు," అంది. "అది కూడా చెప్పు, వెళ్దాం."

నేను మళ్ళీ లామో వైపు తిరిగాను.